పార్టీలు మారినా పొలం గట్టు దాటని నాయకుడు

పార్టీ మారినవారిని అవకాశవాదులని ఒక్కమాటలో కొట్టిపారేయడం మనకు అలవాటు. చాలాసార్లు అది నిజమే. అయితే అందరినీ ఒకే గాటన కట్టవచ్చా? ఆచార్య ఎన్‌.జి. రంగా గారి జీవితం ఈ ప్రశ్ననే మన ముందుంచుతుంది.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం అభ్యసించారు. తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. 1930లో గాంధీజీ పిలుపునందుకొని స్వాతంత్ర్యోద్యమంలో చేరారు. జమీందారీ రైతుల పక్షాన ఉద్యమాలు నడిపారు. 1936లో అఖిల భారత కిసాన్‌ సభ ఏర్పడినప్పుడు దాని ముఖ్యుల్లో ఆయన ఒకరు.

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెసును వీడి కృషికార్‌ లోక్‌ పార్టీని స్థాపించారు. మళ్లీ కాంగ్రెసుకు చేరువై 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1959 జనవరిలో నాగపూర్‌ కాంగ్రెస్‌ మహాసభ సహకార సమష్టి వ్యవసాయాన్ని ఆమోదించింది. రైతులు తమ భూములను కలిపి ఉమ్మడిగా సాగుచేయాలన్నది దాని సారాంశం. కాగితం మీద యాజమాన్యం మిగిలినా పొలంపై రైతు మాట చెల్లదని రంగా గారు భయపడ్డారు. అధికార పక్షాన్ని వీడి రాజాజీ, మినూ మసానీ గార్లతో కలిసి స్వతంత్ర పార్టీని నెలకొల్పి, దానికి అధ్యక్షులయ్యారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఒకనాడు జమీందార్లను ఎదిరించిన నాయకుడు, మాజీ రాజులు, జమీందార్లు ఉన్న పార్టీకి పెద్ద అయ్యారు. దాన్ని సంపన్నుల పార్టీ అని ప్రత్యర్థులు విమర్శించారు. ఆ విమర్శలో బలం లేకపోలేదు. కానీ రంగా గారి ఆలోచనకు ఒక వరుస ఉంది. నిన్న జమీందారు నుంచి కాపాడుకున్న పొలాన్ని రేపు సర్కారు నుంచీ కాపాడుకోవాలన్నదే ఆ వరుస. 1964లో 17వ రాజ్యాంగ సవరణ 44 చట్టాలను కోర్టుల పరిధికి దూరంగా తొమ్మిదో షెడ్యూలులో చేర్చినప్పుడు, రైతుకు న్యాయస్థానం తలుపు మూసుకుపోతుందని ఆయన పార్టీ ఎదిరించింది.

ఆయన 1962లో తెనాలిలో ఓడి, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు. 1967లో శ్రీకాకుళం నుంచి నెగ్గారు. ఆ ఏడు స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. 1971లో ఓడి, తర్వాత కాంగ్రెసులోకి తిరిగివెళ్లారు. 1980, 1984, 1989లలో గుంటూరు ఓటర్లు ఆయనను గెలిపించారు. 1991లో పద్మవిభూషణ్‌ పొందారు. 1995 జూన్‌ 9న కన్నుమూశారు. మరుసటి ఏడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

మణుగూరు వైపు నుంచి చూస్తే ఈ కథకు మరో ముఖం కనిపిస్తుంది. పట్టా ఉన్నవాని హక్కును రంగా గారు గట్టిగా కాపాడారు. పట్టాయే లేని పోడు రైతు సంగతి ఏమిటి? మన ఏజెన్సీలో 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా అడ్డుకుంటుంది. అది ఆస్తిని అమ్ముకునే స్వేచ్ఛకు కట్టిన హద్దే. ఆ హద్దు లేకుంటే అప్పుల పాలైన కోయ కుటుంబం చేతిలో ఎకరం మిగలడం కష్టం. బలవంతునికి స్వేచ్ఛ చాలు; బలహీనునికి స్వేచ్ఛతోపాటు కంచె కూడా కావాలి.

కాబట్టి ఆయనను పూర్తిగా మెచ్చుకోనక్కరలేదు, పూర్తిగా తోసిపుచ్చనూ అక్కరలేదు. ఓటడగడానికి వచ్చినవారిని మనం అడగవలసింది ఎన్ని జెండాలు మోశారని మాత్రమే కాదు. ఏ జెండా పట్టినా ఎవరి పొలం గట్టున నిలబడ్డారని.