పరుల బిడ్డలకు తల్లి - భండారు అచ్చమాంబ

మునగాల యనగానే సాహిత్యాభిమానులకు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు స్మృతికి వత్తురు. ఆ సంస్థానమున దివానుగా నుండి, మునగాల రాజావారగు నాయని వేంకట రంగారావుగారి ప్రాపున తెలుగు విద్యకు మహోపకార మొనర్చిన పుణ్యమూర్తి యాయన. ఆయనకు అక్షరభిక్ష నందుకొని, అంతకుమించిన భిక్షను లోకమునకు పెట్టిన అక్కగారిని మాత్రము మన ప్రాంతమువారు అంతగా తలంపరు.

అచ్చమాంబగారు 1874లో నందిగామ చేరువనున్న పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. చిన్ననాటనే మేనమామయగు భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. భర్త యుద్యోగము మధ్యపరగణాలలో. బడికి పోయిన బాలిక కాదు. తమ యింట నుండి చదువుకొనుచున్న తమ్ముడు చెప్పగా తెలుగు, హిందీ నేర్చి, స్వయంకృషిచే మరికొన్ని భాషలు గ్రహించిరి. ఆ విద్యతోనే "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించిరి.

ఆమెకు కలిగిన కొడుకును, కూతురును పసితనముననే పోయిరి. ఇట్టి శోకము తగిలిన యిండ్లను నేను చూచితిని. పొరుగు బిడ్డల నవ్వు వినబడిన తలుపు మూసికొనుట కలదు. వారిని తప్పుపట్టను, దుఃఖము మనస్సునకు గడియ పెట్టును. దయకు అడ్డమగునది కాఠిన్య మొక్కటియే కాదు, మన గాయముకూడ. అచ్చమాంబగారు ఆ గడియ తీసిరి. దిక్కులేని పిల్లలను ఇంటికి తెచ్చుకొని, అన్నము పెట్టి, చదువు చెప్పించిరి. ఒకనాడు పెట్టి పంపుట సులభము. ప్రొద్దుననే లేపి తలదువ్వి, జ్వరము వచ్చిన రాత్రి మేల్కొని, అలుకలు తీర్చుట నిత్యకృత్యము. కడుపుకోత నెఱిగిన తల్లికి ఆ పని యెంత కష్టమో, ఎంత యోదార్పో, ఆమెకే తెలియవలెను. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిరి.

మిగిలినది భయము. ప్లేగు సోకిన యింటిని బంధువులే విడిచి పోయెడి దినములవి. పొరుగింట జ్వరమని విని, గుమ్మమునొద్దనే పలుకరించి మరలివచ్చిన వాడను నేను; దయను గూర్చి యెన్ని శ్లోకములు వల్లించినను ఆనాడు అడుగు ముందుకు పడలేదు. అచ్చమాంబగారు రోగుల చెంతకు పోయి పరిచర్య చేసిరి. ఆ వ్యాధియే సోకి 1905 జనవరిలో కన్నుమూసిరి. అప్పటికి ముప్పది యేండ్ల వయస్సు.

మరుసటి యేట, 1906లో, తమ్ముడు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించెను. చూచుటకు అక్క లేదు.