గ్రామ్ పార్సన్స్ – రెండో గొంతు

2009లో నాకు జాక్సన్‌విల్‌లో క్లయింట్ ప్రాజెక్టు. ఇల్లేమో అట్లాంటాలో. ఆదివారం రాత్రి భోంచేసి, పిల్లని నిద్రపుచ్చి కారులో బయల్దేరేవాణ్ణి. టిఫ్టన్ దగ్గర ఐ-75 వదిలేసి వేక్రాస్ అనే చిన్న ఊరి మీదుగా దారి. రెండువైపులా పైన్ చెట్లు, ఊళ్ళో పెద్ద రైల్వే యార్డు, అర్ధరాత్రి తెరిచి ఉండే ఒకటో రెండో గ్యాస్ స్టేషన్లు. ఘంటసాల సీడీలు అప్పటికే అరగదీశాను. రేడియో పెడితే కంట్రీ సంగీతం తప్ప ఇంకోటి దొరికేది కాదు.

అలా ఓ రాత్రి ఒక పాట విన్నాను. ఎక్కడో పెద్ద ఊళ్ళో ఒంటరిగా ఉన్నవాడు చిన్నప్పుడు ఎక్కిన చెట్టునీ, దాని మీదుగా వచ్చే గాలినీ తలుచుకునే పాట. గొంతు గొప్పదేం కాదు. కాస్త వణుకుతోంది, శ్రుతి తప్పుతుందేమో అనిపిస్తోంది, కానీ తప్పట్లేదు. హోటల్‌కి చేరాక వెతికి చూస్తే పాట పేరు ‘హికరీ విండ్’, పాడినవాడు గ్రామ్ పార్సన్స్. గ్రామ్ అంటే బంగారం తూకం కాదండీ, ఇంగ్రామ్‌కి పొట్టిపేరు. ఆ వేక్రాస్‌లోనే పెరిగాడని తెలిసి, ఇక వదలకుండా అతని గురించి చదివాను.

1946 నవంబర్ 5న ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్‌లో పుట్టాడు. తల్లి తరఫు తాత స్నైవ్లీ ఆ రాష్ట్రంలో నారింజ తోటలకి మహారాజు లాంటివాడు. తండ్రి యుద్ధంలో విమానం నడిపి వచ్చి, వేక్రాస్‌లో మామగారి వాళ్ళ పెట్టెల ఫ్యాక్టరీ చూసుకునేవాడు. 1956లో ఎల్విస్ ప్రెస్లీ ఆ ఊరొచ్చి పాడితే తొమ్మిదేళ్ళ గ్రామ్ వెళ్ళి చూశాడు. ఆ రోజుతో వాడి దారి ఖాయమైపోయింది. 1958లో క్రిస్మస్ రెండు రోజులుందనగా తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పార్సన్స్ అన్నది ఆ మారుతండ్రి ఇంటిపేరే. 1965లో గ్రామ్ హైస్కూలు పట్టా తీసుకున్న రోజునే, తాగుడు వల్ల పాడైన ఆరోగ్యంతో తల్లి పోయింది.

మిగిలింది డబ్బు. తాత ఆస్తి ట్రస్టు ద్వారా క్రమం తప్పకుండా వచ్చేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అతని కథంతా దీని మీదే నడుస్తుంది. హెచ్-1 మీద ఉన్న మన కుర్రాడు ఉద్యోగం వదలాలంటే ఎన్ని లెక్కలు వేసుకుంటాడు! వీసా, గ్రీన్‌కార్డు ఫైలు, ఇంటి అద్దె, ఇండియాలో నాన్నగారి మందులు. గ్రామ్‌కి ఆ లెక్కలేవీ లేవు. నచ్చకపోతే లేచి వెళ్ళిపోవడమే.

హార్వర్డ్‌లో చేరి ఒక్క సెమిస్టర్‌లో బయటికొచ్చాడు. ఇంటర్నేషనల్ సబ్‌మెరైన్ బ్యాండ్ అని ఒకటి కట్టాడు. వాళ్ళ ఆల్బమ్ 1968లో బజారుకొచ్చే సరికే దాన్ని వదిలి బర్డ్స్ అనే పేరున్న బ్యాండులో తేలాడు. బర్డ్స్ నాయకుడు రోజర్ మగ్విన్ వెతుక్కున్నది పియానో వాయించేవాణ్ణి. దొరికింది మొత్తం బ్యాండునే కంట్రీ వైపు తిప్పేసినవాడు. అదెంత సాహసమో మనకి సులువుగా అర్థం కాదు. వియత్నాం యుద్ధం రోజులు. జుట్టు పెంచిన కుర్రకారుకి కంట్రీ పాట అంటే ముసలి ఛాందసుల పాట. కంట్రీ శ్రోతలకి ఈ జుట్టు పోలిగాళ్ళు దేశద్రోహులు. 1968 మార్చిలో నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద, ముందు అనుకున్న పాట మార్చేసి, నాయనమ్మ కోసమని చెప్పి గ్రామ్ ‘హికరీ విండ్’ పాడాడు. నిర్వాహకులు మండిపడ్డారు.

‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ ఆల్బమ్ ఆ ఆగస్టులో వచ్చింది. పాత బ్యాండు తాలూకు రికార్డు కంపెనీ అతని గొంతు మీద హక్కు మాదని పేచీ పెట్టడంతో, కొన్ని పాటల్లో అతని గొంతు తీసేసి మిగతావాళ్ళు మళ్ళీ పాడారు. ఆల్బమ్ వచ్చే సరికి గ్రామ్ ఆ బ్యాండులోనూ లేడు. జులైలో లండన్‌లో, దక్షిణాఫ్రికా టూరుకి బయల్దేరబోయే ముందు, వర్ణవివక్ష ఉన్న దేశానికి రానని చెప్పి ఆగిపోయాడు. నేటాల్ చెరకు తోటలకి వెళ్ళిన మన తెలుగువాళ్ళ పిల్లలు, మనవలు కూడా ఆ చట్టాల కిందే బతుకుతున్న రోజులవి. అందుకని ఆ మాట మీద నాకు గౌరవం. కానీ మగ్విన్, క్రిస్ హిల్‌మన్ ఆ కారణాన్ని పూర్తిగా నమ్మలేదు. కొత్తగా స్నేహం కలిసిన రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్‌తో ఉండిపోవడానికే మానేశాడని వాళ్ళ అనుమానం. రెండూ నిజమై ఉండొచ్చని నా ఉద్దేశం. బ్యాండు సామాను చూసుకునే మనిషి చేతికి గిటార్ ఇచ్చి, వాళ్ళు టూరు ఎలాగో నెట్టుకొచ్చారు.

నేనూ ఒకసారి అలా వెళ్ళినవాణ్ణే. 2016లో ఓ మిత్రుడితో కలిసి పెట్టిన చిన్న కంపెనీ నుంచి శుక్రవారం తప్పుకున్నాను. సోమవారం డెలివరీ. నా కారణాలు నాకు న్యాయంగానే కనిపించాయి. ఆ శని, ఆదివారాలు అతను ఎలా గడిపాడో నేను అడగలేదు.

గ్రామ్ విషయంలో ఆశ్చర్యమేమిటంటే, కొద్ది నెలలకే ఆ హిల్‌మన్ బర్డ్స్ వదిలొచ్చి ఇతనితో కలిశాడు. ఇద్దరూ ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ కట్టారు. 1969లో వచ్చిన మొదటి ఆల్బమ్ 164వ స్థానం దాటలేదు. తర్వాత ఆ బ్యాండులో చేరిన బర్నీ లెడన్ 1971లో ఈగల్స్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. ఆ దారి ఎన్ని కోట్లకి వెళ్ళిందో మీకు తెలిసిందే. గ్రామ్ మాత్రం తాగి వేదికెక్కడం, రిహార్సల్స్ ఎగ్గొట్టి స్టోన్స్ వెంట తిరగడం. 1970లో హిల్‌మనే అతన్ని తీసేశాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో స్టోన్స్ వాళ్ళ బంగళాలో చేరితే, అక్కణ్ణుంచీ పంపేశారు.

ఇక మిగిలింది సోలో. సోలో అంటే ఎవరితోనూ పని లేకుండా పాడుకోవడం అని మనం అనుకుంటాం. గ్రామ్‌కి మాత్రం అప్పుడే తనకి రెండో గొంతు కావాలని తెలిసొచ్చింది. ఆ గొంతు ఎక్కడుందో చెప్పింది ఎవరనుకున్నారు? అతన్ని తీసేసిన హిల్‌మనే. వాషింగ్టన్‌లో క్లబ్బుల్లో పాడుకుంటూ, ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటున్న ఎమ్మీలూ హారిస్‌ని విని, వెళ్ళి చూడమని గ్రామ్‌కి చెప్పాడు.

1972లో గ్రామ్ ఆవిణ్ణి లాస్ ఏంజెలెస్ పిలిపించాడు. వాయించడానికి జేమ్స్ బర్టన్, గ్లెన్ హార్డిన్, రానీ టట్‌లని పెట్టుకున్నాడు. ముగ్గురూ ఎల్విస్ బ్యాండు మనుషులు. వేక్రాస్‌లో తొమ్మిదేళ్ళ వయసులో చూసినదాన్ని మర్చిపోలేదన్నమాట. 1973 జనవరిలో ‘జీపీ’ వచ్చింది. వినండి ఒకసారి. ఆ వణికే గొంతు ఎక్కడ జారబోతుందో ఆవిడకి ముందే తెలిసినట్టు, సరిగ్గా అక్కడ కింద చెయ్యి పెడుతుంది. అమ్మకాలు దాదాపు లేవు. టూరులో మొదటి క్లబ్బు, బౌల్డర్‌లో, రిహార్సల్స్ లేని వీళ్ళ ఆట చూసి మీరిక రావద్దంది. ఆ తర్వాత కూర్చుని సాధన చేశాకే కచేరీలు గాడిన పడ్డాయి. ఆ వేసవిలో రెండో ఆల్బమ్ ‘గ్రీవస్ ఏంజెల్’ పూర్తిచేశారు.

సెప్టెంబర్ 19న, జాషువా ట్రీ అనే ఎడారి ఊళ్ళో ఓ మోటెల్ గదిలో, మార్ఫిన్, మద్యం కలిసి గ్రామ్ ప్రాణం తీశాయి. ఇరవై ఆరేళ్ళు. ఊరుకి పంపాల్సిన శవపేటికని అతని మేనేజర్ ఫిల్ కాఫ్‌మన్ లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం నుంచి ఎత్తుకెళ్ళి ఎడారిలో తగలబెట్టాడు. దాని మీద సినిమా కూడా తీశారు. గ్రామ్ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది ఆ కథే. నాకు దాని మీద ఆసక్తి లేదు.

‘గ్రీవస్ ఏంజెల్’ 1974 జనవరిలో వచ్చింది. అనుకున్న అట్ట మీద ఎమ్మీలూ కూడా ఉండాల్సింది. గ్రామ్ భార్య దాన్ని మార్పించింది, ముందు వైపు అతనొక్కడే మిగిలాడు. 1975లో ఎమ్మీలూ ‘పీసెస్ ఆఫ్ ది స్కై’ చేసింది, అందులో అతని కోసం రాసిన పాట ఉంది. ఆవిడ కట్టుకున్న బ్యాండులో మళ్ళీ బర్టన్, హార్డిన్. తర్వాత దశాబ్దాల పాటు ఆవిడ కచేరీల్లో గ్రామ్ పాటలు పాడుతూ వచ్చింది.

నేను సొంతంగా పని మొదలుపెట్టాక మొదటి కాంట్రాక్టు ఆ పాత మిత్రుడి ద్వారానే వచ్చింది. ఎవరో క్లయింట్ ఫోన్ చేసి, అతను మీ పేరు చెప్పాడన్నాడు. అప్పుడు అడిగాను అతన్ని, ఆ సోమవారం డెలివరీ ఏమైందని. గురువారానికి వెళ్ళిందట.