సర్ ఆర్థర్ కాటన్: కుంఫిణీవారి లెక్కలును, గోదావరి నీరును

పరదేశము నాక్రమించినవారు అచ్చటి భూమిని తమ కోరిక ననుసరించియే వినియోగింతురు. స్పెయినువారు అమెరికాకు బోయినది బంగారము కొఱకు, వెండి కొఱకు. కావున ఆండీసు పర్వతవాసులను సేద్యమునుండి లాగి పొటోసీ వెండిగనులలో దింపిరి. ఆంగ్లేయులకు వర్జీనియాలో బంగారము దొరకలేదు, పొగాకు నాటిరి. కరిబియను ద్వీపములలో చెరకు నాటి, దాని కొఱకు ఆఫ్రికావాసులను బానిసలుగా గొనిపోయిరి. మన యుత్తర సర్కారులను చేజిక్కించుకొన్న ఈస్టిండియా కుంఫిణీవారు కోరినది శిస్తు. భూమిని దున్నుట రైతువంతు, ఫలమును లెక్కించుట వారివంతు. ఈ లెక్కలోనికి నీరెట్లు ప్రవేశించినదో తెలిసికొనగోరువారికి ఆర్థర్ కాటను జీవితము చక్కని నిదర్శనము.

మెదకువారికి ఇది పరాయి కథ గాదు. మన మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో గలిసి, ధవళేశ్వరముదాక బోవుచున్నది.

కాటను 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. 1819లో, పదునాఱేండ్ల ప్రాయమున, మద్రాసు ఇంజనీర్ల దళములో నుద్యోగము బడసి, 1821లో మన దేశమునకు వచ్చెను. బర్మా యుద్ధములో పనిచేసెను. అతనికి నిజమైన విద్యాలయము కావేరీతీరము. చోళరాజులనాటి కల్లణను అతడచ్చట శ్రద్ధతో పరిశీలించెను. లోతు తెలియని యిసుకలో పునాది నిలుపు నేర్పును ఆ ప్రాచీనుల పనినుండియే గ్రహించితిమని అతడు దాచక చెప్పుకొనెను. తెల్లదొరలలో ఇట్టి కృతజ్ఞత యరుదు గనుక దీనిని ప్రత్యేకముగ స్మరింపవలసియున్నది. ఆ విద్యతోనే 1836లో కొల్లడముపై ఆనకట్టలను నిర్మించెను.

అప్పటికి గోదావరీ, కృష్ణా మండలముల స్థితి దయనీయముగ నుండెను. 1833 నాటి కఱవులో గుంటూరు మండలమున సుమారు 5 లక్షల ప్రజలలో 2 లక్షలు మరణించిరి. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7 లక్షల 38 వేలుండగా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగెను. కాలువలు, చెరువులు పూడిపోయినవి. ఏటేట కోట్ల ఘనపుటడుగుల నీరు సముద్రమున బడుచుండగా ఒడ్డుననున్న రైతు మలమల మాడుచుండెను. జనము చచ్చుచున్నంతకాలము కదలని దొరతనము, శిస్తు తగ్గజొచ్చిన పిమ్మట హెన్రీ మాంట్‌గొమరీని విచారణకు బంపెను. అతని సూచనపైననే కాటను గోదావరిని పరిశీలించి 1844లో నివేదిక సమర్పించెను.

ఆ నివేదికలోని వాదము గమనింపదగినది. కాటను ధర్మబుద్ధి గలవాడే. కాని తన యజమానులకు ధర్మము చెప్పిన వినరని యెఱుగును. కనుక తంజావూరి రాబడిని, రాజమహేంద్రవరపు రాబడిని ప్రక్కప్రక్కన బెట్టి, పెట్టిన సొమ్ము ఎన్ని రెట్లు తిరిగివచ్చునో చూపెను. 1846లో అనుమతి లభించినది. 1847లో పని యారంభమయ్యెను. నది నాలుగు పాయలుగా చీలినచోట, లంకల నాధారము చేసికొని, ధవళేశ్వరపు కొండరాతితో నాలుగు ఖండములుగా ఆనకట్ట లేచెను. వేలకొలది కూలీలు పనిచేసిరి. వారిని సమకూర్చి నడపుటలో వీణెం వీరన్న కాటనుకు కుడిభుజము. నడుమ కాటను జబ్బుపడి సెలవుపై బోగా కెప్టెను ఆర్ పని సాగించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. 1855లో బెజవాడ వద్ద కృష్ణయు కట్టువడెను.

డెల్టా ఎట్లు మాఱినదో వర్ణింప నక్కఱలేదు. నేడచ్చట సుమారు 10 లక్షల యెకరములు సాగగుచున్నవి. గోదావరీతీరమున స్నానసంకల్పములో కాటను పేరు చెప్పువారు కలరని ప్రతీతి.

అయితే దొరతనము ఈ విజయమునుండి నేర్చిన పాఠము వేఱు. నీరిచ్చిన రాబడి పెరుగునను సంగతి దానికి తెలిసినది. రాబడి రానిచోట నీరేల యను ప్రశ్నయు దానివెంటనే పుట్టినది. దాహము మెండుగానున్న రాయలసీమకు ప్రభుత్వము సొంతసొమ్ము వెచ్చించుటకు జంకెను. 1858లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ యేర్పడి, వడ్డీకి ప్రభుత్వపు పూచీతో కర్నూలు-కడప కాలువను త్రవ్వెను. కాటనే దానిని ప్రోత్సహించినవాడు. పడవలు నడచుటయు, వాటాదారులకు లాభమును ముఖ్యోద్దేశములు. జొన్నలు, పత్తి పండు నల్లరేగడి రైతు ఆ నీటిని ధర యిచ్చి కొనలేదు. కంపెనీ దివాలా స్థితికి రాగా 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. రైతు నడుగక గీచిన గీత అది. ఇందు కాటనును సమర్థింపజాలము.

రైళ్ల విషయమున మాత్రము అతడు మన పక్షము మాటాడెను. రైలుదారులు సైన్యమును లోపలికి, ముడిపత్తిని రేవులకు చేర్చునవి. మాంచెస్టరు బట్టలను సంతలకు దెచ్చునవి. కాలువలు తిండిగింజలను పండించునవి. 1878లో పార్లమెంటు సంఘము కాటనును పిలిపించి, కాలువలకై సొమ్ము దుబారా చేయించువానివలె ప్రశ్నించెను. 1876-78 కఱవులో లక్షలు చచ్చిన సమయమది! రమేశచంద్రదత్తు లెక్కప్రకారము 1900 నాటికి రైళ్లకు సుమారు 22½ కోట్ల పౌనులును, నీటిపనులకు 2½ కోట్ల పౌనులును వ్యయమైనవి. అంతకు ముందేడాది, 1899 జూలై 24న, కాటను తొంబదియాఱవ యేట కాలధర్మము నొందెను.

మన సీమ కుంఫిణీ పాలనలో లేకుండుటచే అతని చేయి మంజీరపై బడలేదు. ఘనపురము ఆనకట్ట 1905లో నిజాము ప్రభుత్వమువారి పని. పిదప యెగువన సింగూరు వెలసినది. దాని నీటిలో అధికభాగము చాలకాలము హైదరాబాదు నగరదాహమునకే పోగా, ఘనపురపు ఆయకట్టు రైతులు కాలువలోనికి నీరు విడువుడని ప్రతి యెండుకాలమున అధికారుల గడప లెక్కవలసివచ్చెను.