మత్తు డాక్టరు ఎవరో అడిగారా?

ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అనగానే సర్జన్ ఎవరని అడుగుతాం. మీది మైలవరమైనా, నందిగామైనా, విజయవాడ తీసుకెళ్లే ముందు వాకబు చేసేది ఆ పేరే. ఆపరేషన్ జరిగినంతసేపూ రోగి తల దగ్గరే ఉండి ప్రాణాన్ని కనిపెట్టుకునే మరో డాక్టరు ఉంటారు. ఆ పని విలువ తెలియాలంటే హైదరాబాద్ డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ గురించి మీరు తెలుసుకోవాలి.

పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి విద్యార్థినుల్లో ఒకరు. 1889లో హకీమ్ పట్టా పుచ్చుకుని, అక్కడి ఆసుపత్రుల్లో రోగులకు క్లోరోఫాం ఇచ్చే బాధ్యత చేపట్టారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందారు.

ఆ రోజుల్లో అది చిన్న పని కాదు. 1848లో ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోవడానికి వెళ్లిన 15 ఏళ్ల హానా గ్రీనర్ క్లోరోఫాం ఇచ్చిన కాసేపటికే చనిపోయింది. ముందు ఆగేది ఊపిరా, గుండా అని డాక్టర్లు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. రూపాబాయి గురువు ఎడ్వర్డ్ లారీ ఆరో నిజాం ఆర్థిక సాయంతో 1888, 1889లలో హైదరాబాద్‌లో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపారు. జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేననీ, దాన్ని గమనిస్తే చాలనీ తేల్చారు.

అది సగం నిజమే. క్లోరోఫాం మోతాదు తక్కువగా ఉన్నా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించారు. ఎంత గొప్పవారు చెప్పినా ఒక్కదాన్నే నమ్ముకుంటే ముప్పేనని వైద్యలోకం అలా నేర్చుకుంది. రూపాబాయి కూడా నేర్చుకోవడం ఆపలేదు. పట్టా వచ్చిన 20 ఏళ్లకు, 1909లో, పైచదువుకు ఎడిన్‌బరో వెళ్లారు.

ఇప్పుడు ఊపిరి, గుండె లయ, బీపీ, రక్తంలో ఆక్సిజన్ అన్నిటినీ మానిటర్లు చూపిస్తాయి. పేరు, ఆపరేషన్ చేయాల్సిన చోటు సరిచూసుకునే చెక్‌లిస్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చింది. అయినా మీరు చెబితేనే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి.

అందుకే ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరును కలవండి. ఆస్తమా, బీపీ, షుగర్, అలర్జీలు, కదిలే పన్ను, రక్తం పలచబడే మాత్రలు, నాటు మందులు, గతంలో మత్తు పడకపోవడం... ఏదీ దాచకండి. ఏమీ తినవద్దన్న గంటల్లో పెద్దాయన నీరసపడతారని ఇడ్లీ పెట్టకండి. మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున తింటే మొహమాటపడకుండా చెప్పేయండి. ఆపరేషన్ కొన్ని గంటలు వాయిదా పడినా నష్టం లేదు.