గిండీ గడప దాటిన తొలి ఇంజనీరమ్మ: అయ్యలసోమయాజుల లలిత

ఇంజనీరింగ్ చదవాలంటే మన ఊరి పిల్లలకు ఇప్పుడు తిరుపతి పక్కనే ఉంది. ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ 1959లో వచ్చింది. అంతకు ముందు, మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, లెక్కల్లో దిట్ట అనిపించుకున్న కుర్రాడి చూపు గిండీ మీద ఉండేది. 1794లో సర్వే బడిగా మొదలైన కాలేజీ అది. రోడ్లు, వంతెనలు, కాలువలు కట్టించే సివిల్ ఇంజనీర్లను తయారుచేయడం దాని తొలినాటి పని. మొదలైన దగ్గర నుంచి దాదాపు నూట నలభై ఆరేళ్లు అక్కడ ఆడపిల్ల చదివిన దాఖలా లేదు. 1940లో చేరిన మొదటి విద్యార్థిని తెలుగింటి అమ్మాయి, అయ్యలసోమయాజుల లలిత గారు.

ఆవిడ 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. ఏడుగురు సంతానంలో ఐదోవారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు ఆ గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. అన్నదమ్ములు ఇంజనీరింగ్ చదివినవారు. ఇంట్లో ఇంత చదువున్నా ఆడపిల్లలకు మాత్రం ఆనాటి ఆచారమే. పదిహేనో ఏట పెళ్లి చేశారు. అయితే పెళ్లయిందని చదువు మాన్పించకుండా ఎస్ఎస్ఎల్సీ దాకా చదివించారు. పద్దెనిమిదేళ్లకు ఒక పాపకు తల్లి అయ్యారు. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త చనిపోయారు.

ఆ రోజుల్లో పద్దెనిమిదేళ్ల విధవరాలి బతుకు ఎలా ఉండేదో మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పగా విన్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. లలిత గారు పుట్టింటికి వచ్చి, మళ్లీ పుస్తకం పట్టుకున్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో ప్యాసయ్యారు. ఆ తర్వాత ఏం చదవాలన్న ప్రశ్న వచ్చింది. చదువుకున్న ఆడవాళ్లకు అప్పట్లో గౌరవంగా తెరిచి ఉన్న దారి వైద్యం. ఆవిడ వద్దనుకున్నారు. డాక్టరంటే అర్ధరాత్రి కబురొచ్చినా వెళ్లాలి, పసిబిడ్డను వదిలి అలా వెళ్లడం తన వల్ల కాదు. వేళకు వెళ్లి వేళకు ఇంటికొచ్చే వృత్తి కావాలి. అందుకని ఇంజనీరింగ్! ఆవిడ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. దేశంలో మొదటిదాన్ని కావాలని ఆవిడ గిండీకి వెళ్లలేదు. బిడ్డను పెంచుకోవడానికి ఏ ఉద్యోగం వీలుగా ఉంటుందో లెక్క వేసుకుని వెళ్లారు.

సీటు అడగడం వేరు, దొరకడం వేరు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టరు స్టాథమ్ దొర కూడా ఒప్పుకున్నాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో సీటు వచ్చింది. తండ్రి ప్రొఫెసరు కాబట్టి పని జరిగిందని ఎవరైనా అనవచ్చు, అందులో అబద్ధమూ లేదు. కానీ తండ్రి సీటు ఇప్పించగలడు గానీ పరీక్ష రాసిపెట్టలేడు కదా.

వందల మంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల. చదువులో ఇబ్బంది పడలేదు, తోటి విద్యార్థులూ బాగానే చూశారు. బాధంతా సాయంత్రం హాస్టలుకు చేరాక, మాట్లాడే తోడు లేకపోవడం. పాపను దగ్గర్లో ఉన్న అన్నగారింట్లో ఉంచి, శని ఆదివారాలు వెళ్లి చూసుకుని వచ్చేవారు. కూతురి ఒంటరితనం చూసి సుబ్బారావు గారు కాలేజీ వాళ్లకు మరో మాట చెప్పారు, ఆడపిల్లలకూ సీట్లున్నాయని పత్రికల్లో ప్రకటన వేయించమని. వేయించారు. మరుసటి ఏడు కేరళ ప్రాంతం నుంచి ఇద్దరు వచ్చారు, లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా. వీరిద్దరూ తీసుకున్నది సివిల్.

యుద్ధకాలం కావడంతో కోర్సు కొన్ని నెలలు కుదించారు. అందువల్ల ఏడాది తేడాతో చేరిన ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. పట్టాల మీద ఆయన అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ముందే అచ్చయి ఉంది. ఆమె అని రాయాల్సి వస్తుందని అచ్చు వేసినవారు ఊహించలేదు. లలిత గారి పట్టాలో ఆ మాట కొట్టేసి పైన చేత్తో దిద్ది ఇచ్చారు.

ఆ ఇద్దరు సివిల్ ఇంజనీర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. త్రేసియా గారు కొచ్చిన్ సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి, 1971లో కేరళ రాష్ట్ర చీఫ్ ఇంజనీరు అయ్యారు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆవిడే. లీలమ్మ గారు తిరువాన్కూరు శాఖలో చేరి, ఇంగ్లండు వెళ్లి పట్టణ నిర్మాణ ప్రణాళిక చదివి వచ్చారు. ఒక ఆడపిల్లకు హాస్టల్లో తోడు కోసం వేసిన ప్రకటన ఇంత దూరం తీసుకెళ్లింది.

లలిత గారు జమాల్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌గా పనిచేశారు. తర్వాత సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్. అక్కడ అన్నదమ్ముల్లో ఒకరి ఇల్లుంది కాబట్టి పాపకు దిగుల్లేదు. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పరీక్ష కూడా ఆ రోజుల్లోనే ప్యాసయ్యారు. కొంతకాలం తండ్రి పరిశోధనల్లో సాయం చేశారు. పొగ రాని పొయ్యి, కరెంటుతో పలికే సంగీత వాద్యం వంటివి వాళ్లు తయారుచేసినవి. ముచ్చటైన పనే, కానీ దానితో ఇల్లు గడవదు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. అక్కడా ఒక సోదరుడి కుటుంబం ఉంది. ఉద్యోగం ఎంచుకున్న ప్రతిసారీ ఆవిడ ముందు చూసుకున్నది బిడ్డ ఎక్కడ ఉంటుందన్నదే.

కలకత్తాలో దాదాపు ముప్పై ఏళ్లు పనిచేశారు. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ల నమూనాలు, రక్షణ పరికరాలు ఆవిడ పని. సట్లెజ్ మీద కట్టిన భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లోనూ ఆవిడ చేయి ఉంది. మనకు ఆనకట్ట అనగానే కాంక్రీటు గోడే గుర్తొస్తుంది. ఆ నీటి నుంచి పుట్టిన కరెంటు ఊళ్లకు చేరాలంటే ఎంత లెక్క కట్టాలో ఆలోచించేవాళ్లం తక్కువ.

1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశంలో వారికి శాఖ లేదు, అందుచేత లలిత గారు సొంత హోదాలోనే వెళ్లారు. చీర కట్టుకుని ఒంటరిగా అంత దూరం ప్రయాణం చేసి వచ్చారు. మరుసటి ఏడు లండన్ మహిళా ఇంజనీర్ల సంఘం ఆవిడను సభ్యురాలిగా చేర్చుకుంది. 1966లో ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పూర్తి సభ్యత్వం వచ్చింది.

ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతురిని చదివించి, పెళ్లి చేసి పంపారు. 1977లో ఉద్యోగం నుంచి విరమించుకున్నారు. విశ్రాంతి రెండేళ్లే దక్కింది. 1979లో, అరవై ఏళ్ల వయసులో, కొద్ది రోజుల జబ్బుతో కన్నుమూశారు. అప్పటికి త్రేసియా గారు కేరళలో రోడ్లు, వంతెనలు కట్టించే పని ముగించి రిటైరయ్యే ఏడు.