మదనపల్లెలో రవీంద్రగానం

విశ్వకవి రవీంద్రనాథ ఠాకూర్ (1861–1941) మనకు కవిగా సుపరిచితులు. రెండువేలకు మించిన గీతాలకు బాణీలు కూర్చిన వాగ్గేయకారులు కూడా ఆయనే. ధ్రుపదం, కీర్తన, బావుల్ ఫకీర్ల పాటలు, ఐర్లండు జానపద స్వరాలు ఆయనకు సమానంగా ప్రియమైనవి. 1881 నాటి ‘వాల్మీకి ప్రతిభ’ గేయనాటకంలో ఐరిష్ బాణీలు సైతం చోటుచేసుకున్నాయి. స్వరం నుండి స్వరానికి జారే సొగసును పలికించలేని హార్మోనియం ఆయనకు రుచించలేదు. శాంతినికేతనంలో ఎస్రాజుకే ఆదరణ లభించింది. తాము కట్టిన బాణీని తామే మరచిపోవడం ఆయనకు అలవాటు. పెద్దన్నగారి మనుమడు దినేంద్రనాథ్ ఎన్నో పాటలను స్వరలిపిలో భద్రపరచారు.

1919 ఫిబ్రవరిలో కవీంద్రులు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేశారు. ‘జనగణమన’ ఇక్కడే పుట్టిందని మన ప్రాంతంలో పలువురి నమ్మకం. అది యథార్థం కాదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలోనే ఆ గీతం తొలిసారి వినిపించింది. ఇక్కడ ఆయన దానిని ఆంగ్లీకరించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ దాని బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి కూర్చారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది.

నేడు పుంగనూరులో, కుప్పంలో బడిపిల్లలు ఆ గీతాన్ని తడబడకుండా పాడుతున్నారు. పాటకు జన్మస్థానమనే కీర్తి మదనపల్లెకు లేకపోవచ్చు. బాణీలు మరచే కవి పాటను కాగితంపై నిలిపిన కీర్తి మాత్రం ఈ ఊరికి చాలును.