నల్ల గొర్రెల తెగ నుంచి గోల్కొండ గద్దెకు

సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా బెజవాడ పోయే రోడ్డున నేడు బస్సులు, లారీలు తెంపు లేకుండా నడుస్తున్నాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవుకు సరుకు మోసిన బాట కూడా ఈ ప్రాంతం గుండానే సాగింది. ఆ రాజ్యానికి పునాది వేసిన కులీ కుతుబుల్ ముల్క్ మాత్రం ఈ నేలవాడు కాదు. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతంవాడు.

ఆయన పూర్వులు తుర్కుమాన్లు. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి మందలు తోలుకుంటూ గుర్రాలపై పడమరకు వలసపోయిన జాతి అది. వారి తెగ పేరు కారా కోయున్లు. తుర్కీ భాషలో నల్ల గొర్రెలవారని అర్థం. గొంగడి భుజాన వేసుకుని మందల వెంట తిరిగే మన కురుమలకు ఈ పేరు వింతగా తోచదు. 15వ శతాబ్దంలో ఆ తెగ అజర్‌బైజాన్‌ను, పశ్చిమ ఇరాన్‌ను ఏలింది. 1467లో తెల్ల గొర్రెల తెగ నాయకుడు ఉజున్ హసన్‌తో జరిగిన పోరులో నల్ల గొర్రెల రాజు జహాన్ షా హతుడయ్యాడు. ఓడిన వంశంలో పుట్టిన కులీకి స్వదేశంలో ప్రాణభయం పట్టుకుంది. దేశం విడిచి బీదరు చేరి, బహమనీ సుల్తానుల కొలువులో కుదిరాడు.

కత్తి పట్టడంలో దిట్ట. సుల్తాను మహమూద్ షా నమ్మకం సంపాదించి, కుతుబుల్ ముల్క్ బిరుదు, తెలంగాణ సుబేదారీ పొందాడు. 1490 నాటికే బీజాపూరు, అహమద్‌నగర్ సర్దార్లు స్వతంత్రులయ్యారు. కులీ తొందరపడలేదు. 1518లో గోల్కొండలో కట్టించిన జామా మసీదు శాసనంలో సైతం బహమనీ సుల్తాను పేరే వేయించాడు. స్వతంత్రంగా ఏలిన తర్వాత కూడా షా అనిపించుకోలేదు. అలాగని మెత్తనివాడనుకుంటే పొరపాటే. దేవరకొండ, వరంగల్లు, ఖమ్మం కోటలు ఒక్కొక్కటిగా ఆయన వశమయ్యాయి. యుద్ధాల్లో తగిలిన కత్తిగాటు ఆయన ముఖాన చివరిదాకా ఉండిపోయింది.

ఇన్ని యుద్ధాల్లో దక్కిన ప్రాణం ఇంట్లో దక్కలేదు. 1543లో, తొంభై ఏళ్లు దాటాయని చెప్పే ముదిమిలో, నమాజు చేస్తుండగా హత్యకు గురయ్యాడు. చేయించినవాడు కొడుకు జంషీద్. గద్దెకు అడ్డని అన్న కళ్లు కూడా పొడిపించాడు. అప్పుడు దేవరకొండలో ఉన్న చిన్న కొడుకు ఇబ్రహీం ముందు బీదరుకు, అక్కడి నుంచి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు ఆశ్రయమిచ్చాడు. అక్కడున్న ఏడేళ్లలో ఇబ్రహీంకు తెలుగు రుచి పట్టుబడింది. 1550లో జంషీద్ జబ్బుతో చనిపోగా తిరిగి వచ్చి గద్దెనెక్కాడు. 1580 దాకా ఏలాడు. హుస్సేన్ సాగర్ ఆయన కాలపు చెరువే. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే. గొర్రెల మందల తెగవాని కొడుకు తెలుగు కావ్యానికి కృతిభర్త అయ్యాడు.

కులీ తన గోరీని తానే, బతికుండగానే కట్టించుకున్నాడు. గోల్కొండ కోట పక్కన గోరీల తోటలో అది నేటికీ ఉంది. చంపించిన జంషీద్ గోరీ కూడా ఆ తోటలోనే ఉంది.